బొట్టు పెట్టించుకోని వీధి

నిన్న సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు మా కింది ఫ్లాట్లో ఎవరో సర్వపిండి కాల్చారు. అప్పుడే మా అమ్మాయిని ట్యూషన్‌కి పంపి గడియారం చూసుకున్నాను కాబట్టి టైము గుర్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం కలిపి, గిన్నె అడుగున చేత్తో పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి సన్నసెగ మీద కాలిస్తే వచ్చే వాసన అది. అది మా ఇంటి వంట కాదు, మాది తెనాలి వైపు. చిన్నప్పుడు మేమున్న కాలనీలో మా పక్కింటి భాగ్యత్త చేసేది. వాసన వచ్చినప్పుడు చేస్తున్న పని ఆపి కూర్చున్నాను. సంతోషం కలగలేదు. ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతున్నా, ఆ ఇంటికి సంబంధించి ఏది గుర్తొచ్చినా నాకు ముందు తల దించుకోవాలనిపిస్తుంది.

మేముండేది కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక వీధిలో. వేసవి రెండు నెలలూ మా వీధంతా మామిడిపండ్లూ వరిగడ్డీ కలిసిన వాసన వేసేది, వానలు మొదలైతే అదే మార్కెట్ నుంచి కుళ్ళిన పండ్ల వాసన, చలికాలం వస్తే బత్తాయిల వాసన. నెల ఏదో కాలెండర్ చూడకుండానే చెప్పగలిగేవాళ్ళం. సెలవులకు తెనాలి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు తెల్లవారుజామున ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర బస్సు దిగి, పచ్చళ్ళ జాడీలూ బియ్యం మూటలూ ముందు పెట్టుకుని ఆటో కోసం నిలబడితే, ఆ చలిగాలిలో కూడా మార్కెట్ వాసన తెలిసేది. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే తొమ్మిది మావాళ్ళవి. 'మావాళ్ళు' అంటే కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. ఆ మాట పెద్దవాళ్ళు అంటూంటే విని నేనూ అనేదాన్ని, అందులో భాగ్యత్త ఎందుకు చేరదో ఆలోచించేదాన్ని కాదు.

భాగ్యత్త వాళ్ళు పోచంపల్లి నుంచి వచ్చారు. మామయ్యకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉండేది. వాళ్ళ వెనక గదిలో మామయ్య తండ్రి నేసిన పాత మగ్గం అలాగే ఉండేది, ఆయన పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. దాగుడుమూతలాడేటప్పుడు నేను ఆ మగ్గం గుంటలోనే దాక్కునేదాన్ని. అక్కడ గంజి, పాత నూలు, చెక్క వాసన. బడి నుంచి వచ్చి మా ఇంట్లో సంచీ పడేసి వాళ్ళింట్లో తేలేదాన్ని. మా గుమ్మంలో "ఏమిటి" అనేదాన్ని, నాలుగు అడుగులు వేసి వాళ్ళ గుమ్మంలో "ఏంది" అనేదాన్ని. బతుకమ్మకు ముందు మన్సూరాబాద్ వైపు ఖాళీ ప్లాట్లలోకి వెళ్ళి తంగేడూ గునుగూ కోసుకొచ్చేవాళ్ళం, గునుగుపూలకు గులాబీరంగు అద్దితే చేతులు వారం రోజుల దాకా అలాగే ఉండేవి. మొదట్లో మావాళ్ళ ఆడవాళ్ళు గేట్ల దగ్గర నిలబడి చూసేవారు. తర్వాత తర్వాత, భాగ్యత్త ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లాగితే, వాళ్ళూ వరసలో కలిసి చప్పట్లు వేశారు. చివరి రోజు, సద్దుల బతుకమ్మకు, నువ్వులసద్దీ పెరుగుసద్దీ రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలూ మా ఇంటికి వచ్చేవి. అట్లతద్దికి మా అమ్మ అట్లు వాళ్ళింటికి వెళ్ళేవి.

ఇంకొకటి కూడా వచ్చేది. మా అమ్మ నెలలో మూడు రోజులు దూరంగా కూర్చునేది. వెనక వరండాలో చాప, చెంబు, కంచం వేరే. వంటింట్లోకి రాకూడదు, పసుపూ కుంకుమా ముట్టకూడదు. ఆ మూడు రోజులూ నాన్న అన్నం మాత్రం వండేవారు, ఆయనకు వచ్చింది అంతే. కూర, పులుసు భాగ్యత్త పంపేది. పొద్దున్నే గోడ మీంచి చూసి, అమ్మ చాప మీద కనిపిస్తే చాలు, అడిగేది కాదు. సాయంత్రం ఏడు గంటలకు స్టీలు క్యారియర్ వచ్చేది. దుకాణానికి వెళ్ళవలసిన రోజైనా, జ్వరంగా ఉన్నా వచ్చేది. అమ్మ క్యారియర్ కడిగి ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపేది కాదు. నెలకు మూడు రోజుల చొప్పున ఆరేళ్ళు అలా ఆవిడ వంట తిన్నాం.

నాకు పదకొండేళ్ళప్పుడు కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. తెలంగాణ ఉద్యమం ఊపందుకుంటున్న రోజులు. గోడల మీద రాతలు, ఎల్బీనగర్ చౌరస్తాలో సభలు, మైకుల్లో పాటలు. మా డివిజన్ ఆడవాళ్ళకు కేటాయించారు. ఉద్యమంలో తిరిగేవాళ్ళు వచ్చి భాగ్యత్తను నిలబడమని అడిగారు. అంతకుముందు ఎండాకాలం నల్లా నీళ్ళు రాకపోతే వీధిలో ఆడవాళ్ళందరినీ ఖాళీ బిందెలతో నీళ్ళ ఆఫీసుకు తీసుకుపోయింది ఆవిడే. అందులో మా అమ్మా ఉంది, ముందు వరసలో. ఇంకోవైపు ఒక కాంట్రాక్టర్ గారి భార్య నిలబడ్డారు, మావాళ్ళే. ఆవిడను నేను పోస్టర్లోనే చూశాను. భర్త ఫోటో పెద్దది, ఆవిడది చిన్నది.

"గెలుసుడు ఓడుడు తర్వాత సంగతి వదినా," అంది భాగ్యత్త ఒకరోజు మా అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తూ. "నా గల్లీ నాకు ఎయ్యాలె. గల్లీలనే ఎయ్యలే అంటే నేనేం మొఖం పెట్టుకోని బయట అడుగుత?"

"నీకు కాక ఎవరికి వేస్తాం భాగ్యం," అంది అమ్మ. అప్పుడు నిజంగానే అంది.

ఆ తర్వాత పదిహేను రోజుల్లో ఏదో మారింది. కోచింగ్ సెంటర్లో ఒక కుర్రవాడు నవ్వుతూ నాన్నను, "సార్, మీరు ఎన్నడు పోతరు?" అని అడిగాడట. ఆ అబ్బాయి హాస్యానికే అన్నాడేమో. నాన్న మాత్రం ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. అద్దెకున్న ఇల్లే అప్పుచేసి కొనుక్కుని రెండేళ్ళే అయింది. ఆ గురువారం సాయంత్రం మావాళ్ళ ఇళ్ళలోంచి ఆరుగురు మగవాళ్ళు మా ముందుగదిలో కూర్చున్నారు. నేను టీ కప్పులు అందించాను.

"ఆవిడ మంచిదే, కాదనను మాస్టారూ. ఆవిడ వెనకున్నవాళ్ళ సంగతేమిటి? రేపు మనల్ని వెళ్ళమంటే ఆవిడ ఆపగలదా?" అన్నాడు ఒకాయన.

నాన్న చివరికి అందరం ఒకేవైపు వేద్దామన్నారు. వేసినట్టు ఎవరికీ తెలియక్కర్లేదు అని కూడా అన్నారు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "రేపు బొట్టు పెట్టడానికి వస్తుంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

"అది మీ ఆడవాళ్ళ వ్యవహారం," అన్నారు నాన్న.

బొట్టు సంగతి చెప్పాలి. మా వీధిలో పెళ్ళికైనా, పేరంటానికైనా, గృహప్రవేశానికైనా గుమ్మం ముందు నిలబడి, ఇల్లాలి నుదుట బొట్టు పెట్టి పిలిచేవారు. పెట్టించుకున్నాక వెళ్ళకుండా ఉండటం ఎవరికీ తెలియదు. అది మాట ఇవ్వడమే. భాగ్యత్త ఓటు కూడా అలాగే అడుగుతానంది. కరపత్రాలు బయట వీధులకు, నా గల్లీకి బొట్టే అంది. అమ్మ బాధ నాకు ఇప్పుడు అర్థమవుతుంది. బొట్టు పెట్టించుకుని ఓటు వేరేవాళ్ళకు వెయ్యడం ఆమెకు చేతకాదు. మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండి, నేను నాకు నచ్చినవాళ్ళకు వేస్తానని నాన్నతో అనడమూ చేతకాదు. బొట్టు కాదనడానికి ఇల్లాలికి మర్యాదైన దారి ఒక్కటే ఉంది. దూరంగా ఉన్న మనిషికి బొట్టు పెట్టరు.

శుక్రవారం పొద్దున అమ్మ తులసి దగ్గర దీపం పెట్టలేదు. వెనక వరండాలో చాప పరుచుకుని నన్ను పిలిచింది. "సుధా, భాగ్యత్త వస్తే అమ్మ ఇవాళే బయట చేరింది, దూరంగా ఉంది అని చెప్పు. ఇంకేం మాట్లాడకు." నా మొహం చూడకుండా చెప్పింది.

అమ్మ చెప్పమన్నది మా ఇంటి మాట మాత్రమే. ఆ తర్వాతది నేను చేశాను. పదిన్నరకు ఉప్పు అడగడానికి వచ్చినట్టు దుర్గ ఆంటీ గేటు దగ్గరకు వచ్చి, "మీ అమ్మ ఏం చెప్పదలుచుకుందే?" అని గుసగుసగా అడిగింది. చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. "మా పక్కింట్లో కూడా చెప్పిరా," అంది. నేను వెళ్ళాను. ఆ పక్కింటికీ వెళ్ళాను. పెద్దవాళ్ళంతా నా నోటి వైపు చూస్తున్నారు, నా మాట కోసం ఆగుతున్నారు. ఒకరు జంతిక చేతిలో పెట్టారు, ఒకరు తల నిమిరారు. పన్నెండు కాకముందే మావాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. వద్దని నాకు ఎక్కడా అనిపించలేదు. అనిపించిందని రాసుకుంటే ఇవాళ కొంచెం తేలికగా ఉండేది, కానీ అనిపించలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక భాగ్యత్త బయల్దేరింది. ఆకుపచ్చ పోచంపల్లి చీర, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కుంకుమ భరిణె, పసుపు, తమలపాకులు. వెంట ఆవిడ ఆడబిడ్డ యాదమ్మ, ప్రచారం కోసం పోచంపల్లి నుంచి వచ్చింది, నోరు ఊరుకునే మనిషి కాదు. నేను మా గేటు పట్టుకుని చూస్తున్నాను.

మొదటిది దుర్గ ఆంటీ ఇల్లు. "అయ్యో వదినగారూ, ఇవాళే బయట చేరానండీ. పళ్ళెం దగ్గరకి రాకూడదు కదా."

"గట్లనా. ఏం గాదు వదినా, ఓటు మాత్రం యాది పెట్టుకో."

రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లోనూ అదే. యాదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వీధంతా ఒకసారి చూసింది. "ఏంది వదినా, గీ గల్లీల అందరికి ఒక్కటే తారీఖా?"

"నువ్వు జర నోరు మూసుకో. నడువు."

నాలుగో ఇంట్లో అరుగు మీద మామ్మగారు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, చెవుడు. కోడలు కంగారుగా బయటికొచ్చి, "నేను దూరమండీ, మా అత్తగారూ దూరమేనండీ," అనేసింది.

"ఎవరే? ఏమంటోంది?" అన్నారు మామ్మగారు.

"ఏం లేదు పెద్దమ్మా," అంది యాదమ్మ గట్టిగా, "నీకు మల్ల పడుసుదనం ఒచ్చిందంటున్నది నీ కోడలు."

గేట్ల దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. భాగ్యత్త నవ్వలేదు. పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని మా గేటు వైపు వచ్చింది. ఆవిడ మొహంలో ఇంకా కొంచెం నమ్మకం ఉంది, ఇక్కడ మాత్రం వేరేగా ఉంటుందని.

"అమ్మ ఏడున్నదే సుధా?"

బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను. "అమ్మ ఇవాళే బయట చేరింది. దూరంగా ఉంది."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నట్టు భాగ్యత్త పెదవులు కదిలాయి. "పదకొండు దినాలే గదనే అయ్యింది," అంది మెల్లగా. "మొన్ననే గద నేను పచ్చిపులుసు పంపింది."

మా అమ్మ రోజులు నాన్నకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఆ సంగతి అమ్మకు ఎందుకు తట్టలేదో, భయంలో ఎలా మరిచిపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అబద్ధం చెప్పడానికి వీధిలో కుదరని మనిషి ఆవిడ ఒక్కతే, మేము ఆవిడకే చెప్పాం. నాకు తర్వాత ఏం చెప్పాలో అమ్మ నేర్పలేదు.

ఆవిడ ఇంటి లోపలికి వినిపించేలా అంది. "వదినా, గిట్ల నెలల రెండుమాట్ల ఒస్తే మంచిది గాదు. ఎలక్షన్ అయినంక మలక్‌పేట దవాఖానకు పోదాం, నేను తోల్కపోత. అప్పటిదాక జర పండుకో."

పెట్టిన కుంకుమ పెట్టినట్టే భరిణెలో ఉండగా పళ్ళెం పట్టుకుని వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. మిగిలిన ఇళ్ళకు వెళ్ళలేదు.

ఆ సాయంత్రం ఏడు గంటలకు క్యారియర్ వచ్చింది.

యాదమ్మ తెచ్చి గడప మీద చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళింది. మూత తీస్తే వంకాయ కూర, పప్పుచారు, పైన గిన్నెలో సర్వపిండి. అమ్మ ఆ రోజు పొద్దున్నుంచి కూర్చున్న చాప మీదే ఉంది, లేవడానికి వీల్లేదు. లేస్తే అబద్ధమని తేలిపోతుంది. గోడ అవతల నుంచి చూస్తే కనిపిస్తుంది. అలా మూడు రోజులు కూర్చుంది. మూడు రోజులూ క్యారియర్ వచ్చింది. ఓట్లు రెండు రోజుల్లో ఉన్నాయి, పొద్దస్తమానం ఎండలో తిరిగి వచ్చి ఆవిడ మాకు వండి పంపింది. ప్రేమతో పంపిందో, శిక్షగా పంపిందో, అలవాటు తప్పలేక పంపిందో నాకు తెలియదు. ఒక్కో వయసులో ఒక్కోలా అనుకున్నాను. రెండో రోజు నాన్న, "ఉప్పు కాస్త ఎక్కువైనట్టుంది," అన్నారు. "తినండి," అంది అమ్మ వరండాలోంచి. ఆమె ఆ గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మూడో రోజు పోలింగ్. దగ్గర్లోని బడిలో బూత్. అమ్మతో నేనూ వెళ్ళాను. లైను గేటు దాకా ఉంది. భాగ్యత్త గేటు బయట నిలబడి ఉంది, గొంతు పోయి మాట సరిగా రావడం లేదు. అమ్మను చూసి దగ్గరకొచ్చి, లైనులో ముందున్నవాళ్ళతో, "ఆమెకు పానం బాగలేదు. జర ముంగట పోనియ్యున్రి," అంది. వాళ్ళు తప్పుకున్నారు. అమ్మ తల దించుకుని వాళ్ళందరినీ దాటి లోపలికి వెళ్ళింది. నాన్న చెప్పినట్టే వేసింది. చాలా ఏళ్ళ తర్వాత అడిగితే, దాచకుండా చెప్పింది.

భాగ్యత్త ఓడిపోయింది. ఏ బూత్‌లో ఎన్ని పడ్డాయో లెక్కించే చోట కూర్చున్నవాళ్ళు రాసుకొచ్చి చెబుతారు. మా బడిలో ఆవిడకు ఎంత తక్కువ పడ్డాయో ఆ సాయంత్రానికే వీధికంతా తెలిసింది. యాదమ్మ మూట కట్టుకుని ఊరికి బయల్దేరుతూ వీధి మధ్యలో నిలబడింది.

"ఓటు ఎయ్యకుంటే పాయె. ఎయ్యం అని మొఖం మీద చెప్తే ఏం బోతుండె? ముట్టు మీద అబద్ధమాడుతరా ఎవరన్న? ఆరేండ్లు వండిపెడితే గీ ఇంటామెనే గల్లీకంత నేర్పిచ్చింది."

"లోపలికి రా యాదమ్మా," అంది భాగ్యత్త గుమ్మంలోంచి. "పొరగాండ్లు ఇంటున్నరు."

వింటున్నది నేనొక్కదాన్నే. వీధికి నేర్పించింది అమ్మ కాదని, ఇళ్ళన్నీ తిరిగింది నేనని చెప్పడానికి నాలుగు అడుగులు వెయ్యాలి. వెయ్యలేదు. ఆ మరునాడు వెయ్యలేదు, ఆ తర్వాత కూడా. మిగతా ఇళ్ళవాళ్ళకు ఆ ఆలోచన ఎలా వచ్చిందో అమ్మకు తెలియదు, ఎవరికి వారే అనుకున్నారనుకుంది. వీధినంతా కూడగట్టింది అమ్మేనని భాగ్యత్త అనుకుంది. నేను ఇద్దరి మధ్యా తిరుగుతూ ఏమీ తెలియనట్టు ఉన్నాను.

ఆ చలికాలం బందులూ ఊరేగింపులూ ఎక్కువయ్యాయి. బడి నెలలో సగం రోజులు లేదు. మావాళ్ళు భయపడినట్టు ఎవరూ మా వీధికి వచ్చి వెళ్ళిపొమ్మనలేదు. గెలిచిన కార్పొరేటర్ కూడా రాలేదు. భాగ్యత్త మాతో మాట్లాడటం మానలేదు. "వదినా" అనే పిలిచేది, ఎదురుపడితే నవ్వేది. బతుకమ్మకు మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకుని లాగలేదు. మావాళ్ళు మళ్ళీ గేట్ల దగ్గరే నిలబడ్డారు. నాలుగేళ్ళకు వాళ్ళు ఇల్లు అమ్మి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు మగ్గం విప్పి ఆటోలో ఎక్కించారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆటో కదిలింది.

మొన్న వర్షాకాలంలో కొత్తపేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆవిడ ఫోటో చూశాను. దశదిన కర్మ అని రాసి ఉంది. తేదీ దాటి వారమైంది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ, "ఆవిడ నన్ను దవాఖానకు తీసుకెళ్తానంది," అంది. నేను చేసిన పని అప్పుడైనా చెప్పవలసింది. సిగ్నల్ పడిందని ఫోన్ పెట్టేశాను.

ఎన్నికలైన నెలలో జరిగిన ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. ఆ నెల అమ్మ నిజంగానే బయట చేరింది. పొద్దున చాప పరుచుకోబోయి, గోడ వైపు చూసి, చాప చుట్టేసింది. తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నాన్న చూసి పక్కకు తప్పుకున్నారు. చాప మీద కనిపిస్తే ఏడు గంటలకు క్యారియర్ వస్తుందేమోనని ఆమెకు భయం, రాదేమోనని కూడా. మరుసటి నెలా అంతే, ఆ తర్వాతా అంతే. పెద్దయ్యాక హాస్టల్లోనూ ఆఫీసులోనూ ఈ విషయం వచ్చినప్పుడు, మా అమ్మ ఆ రోజుల్లోనే ఆచారం తీసి పారేసిందని నేను చాలామందితో గొప్పగా చెప్పుకున్నాను. మా అమ్మాయికీ అలాగే చెప్పాను.

మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఇప్పుడు దూరంగా కూర్చోరు.